గంజి పెట్టిన తేనెపెట్టెలు

మొన్న మా అమ్మాయి కొత్త ఫ్రిజ్ కొన్నది. అట్టపెట్టె విప్పి లోపలి థర్మోకోల్ పలకలను గోడవార పేరుస్తుంటే అవి ఒకదానికొకటి రాసుకుని కీచుమన్నాయి. ఆ చప్పుడుకు చాలామందికి పళ్ళు జివ్వుమంటాయి. నాకు మాత్రం ముక్కులోకి తేనె వాసన వచ్చింది. వంటింట్లోంచి లేచి వచ్చి ఒక పలక తీసుకుని నాలుగు మూలలూ వేలితో తడిమాను. "ఏం దేవులాడుతున్నవమ్మా?" అని అడిగింది అమ్మాయి. "ఎలుక పంటిగాట్లు" అన్నాను. కొత్త ఫ్రిజ్‌లో ఎలుకలెందుకుంటాయని అది ఒకటే నవ్వు. దాని తప్పు లేదు. నేను చెప్పబోయే రోజుల్లో అది ఇంకా పాకుతుండేది. జహీరా ఆపా ఒళ్ళో కూర్చుని గాజుల పెట్టెలు ఎన్నిసార్లు ఒలకబోసిందో దానికేం గుర్తుంటుంది!

తొంభైల మొదట్లో జడ్చర్ల బజారులో జహీరా ఆపాకు చిన్న గాజుల దుకాణం ఉండేది. ఆపా అంటే అక్క. ఊరంతా అట్లాగే పిలిచేవాళ్ళం. అప్పటికే యాభై దాటిన మనిషి, నోట్లో పాన్ ఉంటే తప్ప మాట సాగేది కాదు. ఆమె తొడిగితే గాజు పగలదని, చెయ్యి నొప్పి పుట్టదని పేరు. కిటుకేమీ లేదు. మన ఇంటి సంగతులన్నీ అడుగుతూ అడుగుతూ చెయ్యి పిసికేది. మనం జవాబు చెప్పే ధ్యాసలో ఉండగానే గాజు మణికట్టు దాటిపోయేది. ఒకరోజు నాకు గాజులు తొడుగుతుంటే దుకాణం వెనక నుంచి జుమ్మని చప్పుడు వినిపించింది. తొంగి చూస్తే పెరట్లో తెల్లటి డబ్బాలు, వాటి చుట్టూ తేనెటీగలు.

"గవేం డబ్బాలు ఆపా?"

"మందుల ఫ్యాక్టరీల పారేస్తరు. మా తమ్ముడు గాడ వాచ్‌మన్. తెచ్చి ఈగలకు కిరాయికిచ్చిన."

"కిరాయి ఏమిస్తయి?"

"తేనె ఇస్తయి. జర తొందరపెడితే సూది గూడ ఇస్తయి" అని నవ్వింది.

ఆపా మొదట ఎక్కడో శిక్షణ తీసుకుని చెక్కపెట్టెల్లోనే ఈగలను పెంచిందట. పాలమూరు ఎండలకు చెక్క కాలిపోయి రెండు వేసవులు వరసగా ఈగలు పెట్టెలు వదిలి లేచిపోయాయి. ఫ్యాక్టరీ నుంచి మందులు చల్లగా ఉండేందుకు థర్మోకోల్ డబ్బాల్లో పోతాయని తమ్ముడు చెప్పగానే ఆమెకు ఆలోచన తట్టింది. "లోపలి సల్లదనం బయటికి పోనియ్యనిది, బయటి ఎండను లోపలికి రానిస్తదా?" అన్నది. లోపల చట్రాలు అమర్చి, ఈగలు కొరక్కుండా గోడలకు మందపాటి కాగితం అంటించింది. ఆ వేసవిలో ఒక్క పెట్టె కూడా ఖాళీ కాలేదు. చదువు నాలుగో తరగతితో ఆగిన మనిషి. ఆమె ముందర కూర్చుంటే నాకు కూడా బుర్ర పనిచేసేది.

నాకు అప్పుడు బుర్ర పనిచేయవలసిన అవసరం గట్టిగానే ఉంది. మాది జడ్చర్ల పక్క పల్లెలో మగ్గం నేసే ఇల్లు. పని సన్నగిల్లి, మా ఆయన అంజయ్య మహారాష్ట్రలోని భీవండికి మరమగ్గాల పనికి పోతానని రేకుపెట్టె సర్దుకున్నాడు. మా వాడలో భీవండికి పోయిన మగవాళ్ళు ఏడాదికొకసారి చుట్టాల్లా వచ్చిపోయేవాళ్ళు. పిల్లలు తండ్రిని చూసి తల్లి వెనక దాక్కునేవాళ్ళు. నా బిడ్డకు ఆ గతి పట్టకూడదని నాకు మొండి పట్టుదల. ఆపా దగ్గర పని నేర్చుకున్నాక అంజయ్యతో అన్నాను: "పొద్దుతిరుగుడు కోతలయ్యేదాక ఆగు. ఈగలు నిలిస్తే ఈడనే బతుకుదాం. నిలవకుంటే నేను అడ్డం రాను." ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఈగలను నమ్ముకుని ఇల్లు నడుపుతవా?" అన్నాడు. కానీ ఆగాడు. రేకుపెట్టె మాత్రం విప్పలేదు. పొద్దున లేస్తే అదే కళ్ళముందు.

ఆపా నాలుగు పెట్టెలు నాకిచ్చి మా ఊరి నర్సిరెడ్డి పటేలు పొలంలో పెట్టించింది. పువ్వుల మీది పుప్పొడి ఈగలు తినేస్తే గింజ తాలుపోతుందని పటేలు భయం. ఆపా ఆయన్ను కూర్చోబెట్టి, ఈగ వాలితేనే గింజ పడుతుందని చెప్పి చెప్పి చివరికి ఒప్పించింది. ఈ పంటలో మేలు కనిపిస్తే వచ్చే ఏడు చుట్టుపక్కల రైతులందరి చేత పెట్టెలు పెట్టిస్తానన్నాడు. అదే జరిగితే మా ఇద్దరికీ, అంజయ్యకూ కూడా చేతినిండా పని. అంటే పూత వచ్చేదాకా ఆ నాలుగు పెట్టెలూ బతకాలి.

చలి మొదలయ్యాక చిట్టెలుకల భయం పట్టుకుంది. చలికి ఈగలన్నీ లోపల ఒకచోట ముద్దగా చేరి వెచ్చగా ఉంటాయి. ఆ వెచ్చదనానికి ఎలుక వెతుక్కుంటూ వస్తుంది. చెక్కనైతే కొరకడానికి దానికి కష్టం. థర్మోకోల్ ఎంతసేపు? పెట్టెలకు పైన గట్టి తొడుగు ఉండాలనుకున్నాను. చీర నేసేముందు పడుగు నూలుకు గంజి పట్టించడం మా ఇంట్లో నా పనే. గంజి పట్టిన నూలు ఎంత గట్టిపడుతుందో నా చేతులకు తెలుసు. పాత ధోవతులు జొన్నగంజిలో ముంచి, పెట్టెలకు బిర్రుగా చుట్టి ఎండబెట్టాను. అట్టలా బిగుసుకున్నాయి. ఆపా వచ్చి వేలితో కొట్టి చూసి, "శభాష్ అనసూయా! డోలు లెక్క మోగుతాంది" అన్నది. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

వారం తిరక్కముందే ఒక పెట్టె పోయింది. పొద్దున్నే వెళ్ళేసరికి మూలకు రంధ్రం, కింద ఉప్పు చల్లినట్టు తెల్లటి రవ్వలు. మూత తీస్తే తేనెపట్టు సగం నమిలేసి ఉంది. గంజిగుడ్డ పీలికలతో ఎలుక మెత్తటి పరుపు వేసుకుంది. ఈగలు కొన్ని చచ్చి, మిగిలినవి లేచిపోయాయి. నేను అక్కడే చతికిలబడ్డాను. గంజి పెట్టిన పడుగును ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీయాలని పుట్టినప్పటి నుంచీ తెలిసినదాన్ని. పొలానికి రాగానే ఆ తెలివి ఏమైపోయిందో! ఎలుకకు ఇల్లు కట్టి, అన్నం వండి, రమ్మని పిలిచినట్టు చేశాను. మిగతా మూడింటి మీదా పంటిగాట్లు మొదలయ్యాయి.

మధ్యాహ్నానికి ఆపా వచ్చింది. "ఏమైంది బేటీ?" అంటే, నా నోట్లోంచి "చీమలు పట్టినయ్ ఆపా" అని వచ్చింది. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆపా పెట్టెను నిలబెట్టిన పీట కాళ్ళ కింద చూసింది. చీమలు ఎక్కకుండా ఆమే పెట్టించిన నీళ్ళ చిప్పలు నిండుగా ఉన్నాయి. గంజిగుడ్డ పీలిక ఒకటి తీసి నాలుక చివర పెట్టుకుంది.

"ఆపా, చీమలు గాదు. ఎలుక. గంజి నేనే పెట్టిన. అబద్ధం జెప్పిన" అని ఏడ్చేశాను.

"జొన్నగంజి మస్తుగున్నది. నేనే ఎలుకనైతే నేనూ వచ్చేదాన్ని" అన్నది ఆపా. తర్వాత నా పక్కనే మట్టిలో కూర్చుంది. "నువ్వు చుట్టినవ్. నేను శభాష్ అన్న. నాక్కూడ తోచలే గద? సగం నాది. లే, పటేలుకు చెప్పొద్దాం."

"పటేలుకా? మిగిలినవి గూడ తీసుకపొమ్మంటడు ఆపా!"

"అంటే అననీ. ఆయన జాగల పెట్టినం. ఆయనకు తెల్వకుండ ఎట్ల?"

ఇద్దరం పటేలు ఇంటి అరుగు దాకా నడిచాం. ఆపా గంజి సంగతి దాచకుండా మొత్తం చెప్పింది. "తప్పు మేమిద్దరం జేసినం పటేలా" అన్నది. ఆయన కాసేపు మీసం సవరించుకుని, ఉన్నట్టుండి నవ్వాడు. పోయిన ఏడు ఎలుకలకు భయపడి విత్తనాల బస్తా ఇంట్లోకి తెచ్చి, పిండి గిర్ని పక్కనే పెట్టుకున్నాడట తను. గింజ మిగల్లేదట. "నేను ఎవ్వరికీ చెప్పలే. మీరు వచ్చి చెప్తున్నరు" అన్నాడు. కొట్టంలో పడి ఉన్న కిరసనాయిలు డబ్బాల రేకులు ఇచ్చి వాడుకోమన్నాడు.

ఆ సాయంత్రమే గుడ్డలు ఒలిచేసి, గంజి మరక లేకుండా కడిగి, పెట్టెల అడుగుకూ మూలలకూ రేకు తొడిగాం. చలిగాలికి అడ్డమని పక్కన పేర్చిన జొన్నసొప్పను దూరంగా తీయించాం. ఎలుక దాని మీదనుంచే దూకి ఉంటుంది. ఇక మిగిలింది ఈగల వాకిలి. ఈగ పోవాలి, ఎలుక పోకూడదు. ఆపా తలపట్టుకుని కూర్చుంది. నాకు మా అటక మీది పాత పన్నె గుర్తొచ్చింది. పన్నె అంటే మగ్గం మీద నూలు పోగులను విడివిడిగా నిలబెట్టే ఇనుప పళ్ళ చట్రం. తెచ్చి, ముక్కలు కోసి, ఒక పన్ను ఉంచి పక్కవి కొన్ని పీకి, అట్లా సందులు చేసి వాకిళ్ళకు బిగించాను. మర్నాడు చూస్తే ఈగలు దూరుతున్నాయి కానీ, కాళ్ళకు తెచ్చుకున్న పసుపుపచ్చ పుప్పొడి ముద్దలు పళ్ళకు రాసుకుని వాకిట్లోనే రాలిపోతున్నాయి. ఆపా బోర్లా పడుకుని గంటసేపు చూసింది. "ఇంకొక్క పన్ను పీకు" అన్నది. ప్రతి సందులోనూ పీకాను. ముద్దలు లోపలికి పోయాయి. ఆ తర్వాత పన్నె బయట ఎలుక పెంటికలు కనబడ్డాయి కానీ లోపల ఒక్కటీ లేదు.

మూడు పెట్టెలూ నిలిచాయి. పొద్దుతిరుగుడు విరగబూసింది. కోతల రోజున పటేలు ఒక పువ్వు తుంచి రెండుగా విరిచి చూశాడు. ఎప్పుడూ మధ్యలో తాలుగా ఉండిపోయే చోట కూడా గింజ బిగిసి ఉంది. ఇంకొకటి విరిచాడు. మరొకటి. చుట్టూ కోత మనుషులు గుమిగూడారు. పెట్టెలు ఎత్తడానికి అంజయ్య కూడా వచ్చి ఉన్నాడు. పటేలు వాకిలి దగ్గర వంగి పన్నె ముక్కను వేలితో మీటి, "గీ ఉపాయం ఎవరిదాపా? నీదేనా?" అని అడిగాడు.

ఆపా పాన్ పక్కకు నెట్టుకుని అందరికీ వినబడేలా చెప్పింది. "నాది గాదు పటేలా. అనసూయది. మొత్తం ఆమెదే."

ఇంకొక్క పన్ను పీకమన్నది ఆపాయేనని నేను చెప్పబోతే ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కింది. అంజయ్య నా వైపు చూశాడు. పెళ్ళైన ఐదేళ్ళలో ఆయన నన్ను అలా చూడలేదు. ఇంటికి పోయాక రేకుపెట్టె తెరిచి అంగీలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేసుకున్నాడు.

ఆపా పోయి చాలా ఏళ్ళయింది. నేను ఇప్పటికీ ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళకు తేనెటీగల పని నేర్పుతుంటాను. ఎవరి పెట్టెలైనా పోతే అందులో సగం తప్పు నాదని చెప్పడం అలవాటైంది. అది పెద్ద కష్టం కాదు. కష్టమంతా రెండోదానితోనే. ఎవరికైనా పని బాగా కుదిరినప్పుడు "నేనే కదా చెప్పింది" అన్న మాట నోటిదాకా వస్తుంది. సిగ్గు లేకుండా ప్రతిసారీ వస్తుంది. ఆమె పక్కన ఆమె మొగుడో, అత్తో, కొడుకో నిలబడి వింటుంటారు. వాళ్ళ కళ్ళు ఆమె వైపు తిరగాలి కదా అనుకుని ఆ మాట మింగేసి, మొత్తం ఆమెదేనని చెబుతాను.