లక్ష్ముడి కారుకి జ్వరం

కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో షెడ్డు పెట్టుకున్న ఉమాశంకర్‌ని అందరూ కలలరాయుడంటారు. ఏ బండి వచ్చినా స్టార్ట్ చేయించి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడిపోతాడు. ఆ గురగురలో బండి తిరిగొచ్చిన దారులన్నీ వినిపిస్తాయట. ఆ మైకంలోనే పెళ్లాం దుర్గ చెప్పిన పనులు సగం మరిచిపోతాడు.

ఆ మాఘమాసపు పొద్దున మంచు ఇంకా విడవలేదు. పక్కింటి లక్ష్ముడు అద్దెకి తిప్పుకునే తన కారుని ఆగాగి తోలుకొచ్చాడు. వారంగా వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా పోతోందని, టౌన్లో ఒక షెడ్డువాళ్లు ఇంజన్ విప్పాల్సిందేనన్నారని, ఆ తాహతు లేక సాయంత్రం కారు అమ్మేస్తున్నానని చెప్పాడు. కారు పోతే అతనికి కూలి పనే గతి.

"సివరిసారిగా నువ్వోపాలి సూడు బావా."

ఉమాశంకర్ తొందరపడలేదు. ఇంజన్ చల్లారేదాకా ఆగి, రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి, బుడగలు రాలేదు. అంటే లోపల ఏదీ పగల్లేదు. కాసేపటికి పై పైపూ కింది పైపూ వేడెక్కాయి, ఫ్యానూ తిరిగింది. నీళ్లు బాగానే ఆడుతున్నాయి, మరి గాలో? టార్చి వేస్తే వెలుగు రేడియేటర్ అవతలికి పోలేదు. ఇంజన్ వైపు నుంచి నీళ్లు కొట్టాడు. మట్టిరంగు పొట్టు దోసిళ్లకొద్దీ జారింది. వేళ్ల మధ్య నలిపి చూస్తే ఉలవపొట్టు.

రోడ్డు మీద పరిచి ఎవరి ఉలవపంట కారుతో తొక్కిస్తున్నావని అడిగాడు. లక్ష్ముడు తల దించుకున్నాడు.

"మీదే బావా. నూర్పులకి రమ్మని దుర్గక్క నీకు సెప్పి సెప్పి ఊరుకున్నాదంట. ఒక్కర్తీ కర్రతో కొడతంటే సూడలేక రోజూ పది సుట్లు నానే తిప్పేను. నీకు సెప్పొద్దన్నాది."

ఉమాశంకర్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పది రోజులుగా కొత్త ఉలవల గుగ్గిళ్లు లొట్టలేసుకుంటూ తింటున్నాడే గానీ, వాటిని నూర్చిందెవరని అడిగిన పాపాన పోలేదు.

కారు తనే తోలి చూస్తానని స్టీరింగ్ పట్టాడు. ఊరి మలుపులో దుర్గ ఆఖరి మోపు పరుస్తోంది. ఆగి, పొట్టు లోపలికి పోకుండా కారు ముందు పాత దోమతెర ముక్క కట్టి, మెల్లగా పంట మీదికి ఎక్కించాడు. ఎండిన కాయలు చిటపటమన్నాయి. మంచు విడిచిన ఎండలో పది చుట్లు తిప్పాడు, ఆపై ఇంకో పది. ముల్లు మధ్యలోంచి కదల్లేదు. లక్ష్ముడు ఫోను తీసి, కారు కొనేవాడిని రావద్దన్నాడు.

ఉమాశంకర్ కిటికీలోంచి దుర్గ వైపు తల బయట పెట్టి, "వచ్చే యేడు ముందుగా సెప్పు" అన్నాడు.

దుర్గ పొట్టు దులుపుకుంటూ అంది, "ఈ యేడూ ముందే సెప్పేను."