పలక తుడిచిన పిల్ల

మా మేనత్త చనిపోయిందని మార్కాపురం నుంచి మా అన్న ఫోన్ చేసినప్పుడు నేను గిద్దలూరులో పిల్లలకు ఎక్కాలు చెప్తున్నాను. "అత్త పోయింది అమ్మీ. ఆమె రాత అంతవరకే ఉండాది," అన్నాడు. మొదటి మాటకు ఏడుపొచ్చింది, రెండో మాటకు ఒళ్లు మండింది. శవం దగ్గర కూర్చున్నవాళ్లదీ అదే మాట, దినాలకు వచ్చినవాళ్లదీ అదే మాట. ఆ రాత ఎవరు రాశారు, ఎక్కడ రాశారు, ఒక్కసారి చూపించండి అని అరవాలనిపించింది. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పట్టి మనిషి పోతే, రాత అని ఒక్క మాట అనేసి చేతులు దులుపుకుంటారా?

అత్త ఇరవై ఏళ్లకు పైగా పలకల షెడ్డులో పనిచేసింది. రంపం కింద కోసిన రాతిబిళ్లల్ని అరగదీసి నున్నగా చేసే పని. సాయంత్రానికి ఆమె కనురెప్పలు కూడా బూడిదరంగు తిరిగేవి. ఇంటికొచ్చాక మొహం కడుక్కోకుండానే ముందు టీ తాగేది. "కడుక్కుంటే అలుపు తెలిసిపోతాది," అనేది. బడి లేని రోజుల్లో నేను ఆమెకు అన్నం క్యారియర్ తీసుకుపోయి, ఆమె పక్కనే ఒక గోనెపట్టా మీద కూర్చునేదాన్ని. అన్నం వంక మాత్రమే, నేను పోయేది కథ కోసం.

ఆ కథ ఎవరి దగ్గరా విన్నది కాదు, అత్త సొంతంగా అల్లుకున్నది. నల్లమల కొండల మీద ఒక అమ్మవారు ఉంటుంది. పుట్టబోయే ప్రతి బిడ్డకూ ఏమేం జరగాలో పలక మీద రాస్తుంది. అన్నన్ని పలకలు ఆమెకు ఎక్కడివి? ఒక పిల్ల కోసి ఇస్తుంది. ఒకనాడు ఆ పిల్లకు తన పలకే కంటపడుతుంది. ఈ షెడ్డులోనే బతికి ఈ షెడ్డులోనే పోవాలని ఉంటుంది అందులో. పిల్ల అరచెయ్యి తడి చేసుకుని తుడిచేస్తుంది. అమ్మవారు నవ్వుతుంది. "నువ్వు తుడుస్తావని కూడా నేనే రాసినా."

ఇక్కడికి వచ్చేసరికి షెడ్డులో ఆడవాళ్లు రెండు జట్లయ్యేవాళ్లు. "ఇంకేముంది, అమ్మోరిదే గెలుపు," అనేది పక్కనామె. అత్త ఒప్పుకునేది కాదు. "రాసింది ఆమే కావచ్చు. తుడిచి తుడిచి చెయ్యి నొచ్చింది ఆ పిల్లకే గదా," అనేది. కథలో ఆ పిల్ల ఊరుకోదు. "అయితే నేనిప్పుడు ఏం చెయ్యబోతానో చదువు చూద్దాం," అంటుంది. అమ్మవారు పలక చేతిలోకి తీసుకుంటుంది. సరిగ్గా అక్కడ అత్త కథ ఆపేది, ప్రతిసారీ. తర్వాతేమైందంటే "రేపు" అనేది. ఆ రేపు ఏనాడూ రాలేదు. నాకు ఉక్రోషంతో ఏడుపొచ్చేది.

షెడ్డులో అందరూ మూతికి గుడ్డ కట్టుకునేవాళ్లు. అత్తా కట్టుకునేది. కానీ రంపం మోతలో, గుడ్డ చాటునుంచి వచ్చే మాట నాకు అందేది కాదు. "గుడ్డ తియ్యి అత్తా, ఏం వినపడట్లా," అనేదాన్ని. ఆమె గుడ్డను గడ్డం కిందికి లాక్కుని చెప్పేది. అలా ఎన్ని మధ్యాహ్నాలో లెక్కలేదు.

ఏళ్ల తర్వాత, దగ్గు తగ్గక అత్తను తీసుకుపోతే, ఒంగోలులో డాక్టరు ఎక్స్‌రే చూసి, "మూతికి ఏమీ కట్టుకోకుండా పనిచేసిందా?" అని నన్నడిగాడు. అత్తే అందుకుంది. "నా రాత అట్ల ఉంది సారూ."

కొండమీది అమ్మవారితోనే వాదం పెట్టుకున్న మనిషి, అంత తేలిగ్గా ఆ మాట అనేసింది. బయటికొచ్చాక మెట్ల మీదే కోప్పడ్డాను. "ఏంది అత్తా, నువ్వు కూడా అట్లంటావా?"

"మరి నీ పేరు చెప్పమంటావా?" అంది. నా భుజం పట్టుకుని మెట్లు దిగుతూ, "రాత అంటే ఎవురికీ దెబ్బ తగలదు అమ్మీ," అంది. నన్ను కాపాడ్డానికే అంది. అయినా ఆమె మీద కోపం ఈ రోజుకీ పోలేదు. నన్ను ప్రేమించినంతగా తననూ ప్రేమించుకుని ఉంటే ఇంకా పదేళ్లు బతికేది.

ఆఖరుసారి చూసింది పోయిన నెల, ఒక మధ్యాహ్నం. మంచం పక్కన ఆక్సిజన్ మిషను నడుస్తోంది. ఏదో చెప్పాలని మాస్కు కిందికి లాగింది. నేను పైకి పెట్టాను. మళ్లీ లాగింది, మళ్లీ పెట్టాను. మూడోసారి లాగినప్పుడు, తెలిసి తెలిసీ నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"తర్వాత ఏమైంది అత్తా?" అని అడిగాను.

ఆమె కళ్లు నవ్వాయి. "అమ్మోరు పలక ఇటు తిప్పి, అటు తిప్పి చూస్తానే ఉండాది." ఆగి ఊపిరి కూడదీసుకుంది. "అంతసేపు ఎవురుంటారు? ఆ పిల్ల లేచి ఇంటికి పోయింది."

"మరి నువ్వెందుకు పోలేదు?"

"నువ్వు క్యారియర్ తీసుకోని వస్తాంటివి గదా," అంది.

మాస్కు ఆమె గడ్డం కింద, ఒకప్పుడు ఆ గుడ్డ ఉన్న చోటే, సన్నగా బుసపెడుతూ ఉంది.