బావి గోడ ఆకు

ఏడో తరగతిలో మొక్క భాగాలు గీయమంటే వేరు, కాండం, ఆకు దాకా గీసి, పువ్వు దగ్గర చెయ్యి తిరగక బడే మానేసినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి ఇప్పుడు మిర్యాలగూడలో పురుగుమందుల దుకాణంలో నిలబడి పంటలకు వైద్యం చెబుతున్నాను. రైతులు తెచ్చి చూపించేది ఆకులే కాబట్టి నా చదువు బాగానే సరిపోయింది. ఒక్కసారే చాలలేదు.

మా ఆవిడ పుట్టిల్లు నిడమనూరు దగ్గర. వాళ్ళ పొలంలో రాతి కట్టు బావి ఉండేది. ఆమె ఈత నేర్చింది అందులోనే. బోర్లు పడ్డాక దాని అవసరం తీరిపోయింది. పోయిన ఎండాకాలం దాన్ని పూడ్పిస్తున్నానని బామ్మర్ది ఫోన్ చేశాడు. ఆమె ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది. ఆ బియ్యంలో రాళ్ళు లేవు.

"బావి ఎట్లనూ ఆగదు. గోడకున్న గా ఆకన్న తెచ్చిపెడతవా?" అంది.

వెళ్ళాను. పైన నిప్పులు కురిసే ఎండ, పది మెట్లు దిగితే చన్నీళ్ళ చల్లదనం. రాళ్ళ సందుల్లో చెమ్మ ఊరే చోటల్లా ఆ ఆకు వేలాడుతోంది. నల్లగా మెరిసే సన్నని కాడలు, వాటికి చిన్నచిన్న విసనకర్రల్లాంటి రేకులు. నీళ్ళు చల్లితే అంటకుండా జారిపోతాయి. లేత ఆకు పుడుతూనే కొస చుట్టుకొని ఉంటుంది. అడవుల్లో, వాగు పక్కన, పెద్ద చెట్ల నీడలో బతికే జాతి అది. సూర్యాపేట నుంచి కోదాడ దాకా వెతికినా అంత నీడ, అంత తడి ఒకచోట దొరకవు. అందుకే బావిలో కాపురం పెట్టింది.

వేళ్ళు పట్టుకున్న సున్నం పెళ్ళతో సహా ఒక కుదురు ఊడదీసి, తడి గోనెసంచిలో చుట్టి బండి మీద తెచ్చాను. పెరట్లో నీళ్ళ గోలెం పక్కన, నీడలో, కుండీలో పెట్టాం. వారం తిరిగేసరికి అక్కడ బావి చదునైంది. ఇక్కడ కొత్త ఆకు లేచింది. మా ఆవిడ తాను టీ తాగకముందే దానికి నీళ్ళు చిలకరించేది.

నెల తర్వాత ఒక ఆకు తిప్పి చూశాను. అడుగున అంచుల వెంట గోధుమరంగు మచ్చలు. వరి ఆకు మీద అలాంటి మచ్చలు రోజుకు పది చూసేవాణ్ణి, నాకు తెలియదా.

"తెగులు పట్టింది. ముదిరితే మొత్తం ఖతం" అన్నాను.

"బావిల ఉన్నప్పుడు గూడ గట్లనే ఉండె."

"గప్పుడు డాక్టర్ లేకుండె."

మచ్చలున్న ఆకులన్నీ కత్తిరించి గోలెం వెనక పారేశాను. మిగిలిన లేత ఆకులకు దుకాణం నుంచి తెచ్చిన మందు, సొంత మొక్క కదా అని, మోతాదు కాస్త పెంచి కొట్టాను. అయిదో రోజుకు కుండీలో నల్ల కాడలు మాత్రం చీపురు పుల్లల్లా నిలబడ్డాయి. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. అన్నం పెట్టి అవతలికి వెళ్ళిపోయేది, అంతే. మళ్ళీ తెద్దామంటే బావి లేదు.

దుకాణం పని మీద కోదాడ వెళ్ళినప్పుడు ఒక నర్సరీలో ఆగి, అక్కడి పెద్దాయనకు జరిగింది చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు.

"అది తెగులు కాదండీ, దాని విత్తనం. ఆ జాతి పూత పూయదు, కాయ కాయదు. పొడిలాంటి విత్తనాన్ని ఆకు అంచు మడిచి దాచుకుంటుంది. తడి మీద రాలితే ముందు నాచులాగా చిన్న పచ్చ రేకు వస్తుంది. మొక్క దానిలోంచి లేస్తుంది. కోసిన ఆకులు ఏం చేశారు?"

పారేశానన్నాను. ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు మా ఆవిడకు చెప్పాను.

"కడుపుతోటి ఉన్నదాన్ని పట్టుకొని రోగమంటివి" అంది. చాలా రోజులకు ఆమె నాతో అన్న పెద్దమాట అది. ఆ రోజు నుంచి గోలెం వెనక గోడను ఎవరినీ రుద్దనివ్వలేదు, ముట్టనివ్వలేదు.

వానలు మొదలై ఆగిపోయాయి. చలికాలం వచ్చింది. గోలెం పొంగి ఎప్పుడూ తడిసే ఆ గోడ ఇటుకల మీద గోరంత కూడా లేని పచ్చ రేకులు పరుచుకున్నాయి. ఒక పొద్దున మా ఆవిడ అక్కడే పీట వేసుకుని కూర్చుని ఉంది. టీ చల్లారిపోయింది. ఇటుకల సందులో వెంట్రుకంత నల్ల కాడ, దాని కొసన ఒకే ఒక్క విసనకర్ర. పక్కన ఇంకో రెండు. ఆమె ముఖం చూసి నాకూ ప్రాణం లేచొచ్చింది. ఊరుకుంటే నేనెందుకవుతాను?

"సూసినవా, నేను పారేస్తేనే మొలిసింది. నా చెయ్యి మంచిది" అంటూ వంగి వేలు చాపాను.

ఆమె నా మణికట్టు పట్టుకుని పక్కకు పెట్టింది.

"ఇది పూసిననాడు పిలుస్త. గప్పుడొచ్చి ముట్టుకో."