రంపం తిరుగుతుండగా తప్పిన లెక్క

ఆ చెక్కపని షెడ్డులో అందరూ ఆయన్ని ‘టేపు’ అని పిలిచేవారు. కొలత టేపు అక్కర్లేని మనిషి కనుక ఆ పేరు పడింది. చెక్క పలకను ఓసారి పైనుంచి కిందిదాకా చూసి, “రెండు పొడుగువీ, ఒక పొట్టిదీ వస్తాయి, మిగిలేది జానెడే” అంటే, కోశాక జానెడే మిగిలేది. రంపం మిషను నడిపే బావమరిది ఆయన మాట మీదే భరోసాగా కోసేసేవాడు.

కిందటి వానాకాలంలో ఆయనకు తలలో నరం చిట్లింది. ఆస్పత్రి నుంచి వచ్చాక కాలూ చెయ్యీ బాగానే ఆడాయి, మాటా తిన్నగానే వచ్చింది. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. కానీ అంకెలు పోయాయి. కాగితం మీది కొలత చదవగలడు. రెండోది దానికి కలపబోయేసరికి మొదటిది జారిపోయేది.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మందుల గోడౌనులో సరుకు లెక్కలు చూసే కూతురి దగ్గర “మా షెడ్డులో ఒకాయనకి కావాలమ్మా” అని బొంకి, ఫోన్లో ఎక్సెల్ షీటు చేయించుకున్నాడు. ఒక వరసలో చేతిలో ఉన్న పలకలు, పక్క వరసలో కావలసిన ముక్కలు. ముక్కల్ని ఈ పలకలోంచి ఆ పలకలోకి మార్చి చూస్తే, ఎంత తుక్కు పోతుందో అదే చెబుతుంది.

“కోత కోతకీ బ్లేడు మందాన చెక్క పొట్టుగా రాలిపోతుంది కదా నాన్నా, అదీ కలిపాను. పలక చాలకపోతే గడి ఎర్రబడుతుంది. ఆయనకి చెప్పు” అంది కూతురు.

“చెబుతాలే.”

అప్పట్నుంచీ పని కాగితం రావడమే తడవు, ఆయన చెక్కల దొంతర వెనక్కి వెళ్లి, ఫోన్లో కొలతలు కొట్టి, తిరిగొచ్చి సుద్దతో గీతలు గీసేవాడు. “బావకి ఈమధ్య కడుపు కుదురుగా ఉండట్లేదు” అని బావమరిది నవ్వేవాడు. ఆయనా నవ్వేవాడు. వీపున చొక్కా మాత్రం తడిసి ముద్దయ్యేది.

ఒకరోజు మెట్లకు పలకలు కోస్తున్నారు. పాత కట్టడం కూల్చినచోట దొరికిన కలప అది. పాడైతే మళ్లీ అలాంటిది దొరకదు. ఇల్లు కట్టించుకుంటున్నావిడ స్వయంగా వచ్చి నిలబడింది. గీతలన్నీ గీయడం అయ్యాక ఆవిడ, “మెట్టు ఇంకో నాలుగు వేళ్లు పొడవుండాలండీ. మా అత్తగారు కర్ర పట్టుకుని ఎక్కాలి” అంది.

“దాందేముంది? బావా, ఇప్పుడు దీంట్లో ఎన్నొస్తాయి?” అన్నాడు బావమరిది.

అందరూ ఆయనకేసి చూశారు. ఫోను జేబులోనే ఉంది. చెయ్యి అక్కడిదాకా వెళ్లి ఆగిపోయింది.

“మూడు” అంది నోరు, అలవాటుగా.

మిషను రొద పెట్టింది. బావమరిది పలకను ముందుకు తోశాడు. ఆ మూడు ఎక్కణ్నుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. పలక అంచు బ్లేడు వైపు జరుగుతోంది.

“ఆపరా!” అని అరిచాడు. ఆ రొదలో ఎవరికీ వినిపించలేదు. ఒక్క అంగలో వెళ్లి స్విచ్చి కొట్టాడు. బ్లేడు ఆగేలోపే పలక అంచున గాటు పడింది.

“ఏంటి బావా? ఏమైంది?”

“నాకు లెక్క రావట్లేదురా.”

ఆయన అందరి ముందే ఫోను తీసి, కొలతలు కొట్టాడు. గడి ఎర్రబడింది. మూడు రావు, రెండే. మూడోది ఇంకో పలక చివర్లో సరిపోతుంది. అలా మార్చి గీయాలి.

“నిదానంగా చూసుకునే కొయ్యండి, నాకేం తొందర్లేదు” అని ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. ఇలా పని ఇచ్చేవాళ్ల ముందు పరువు పోతుందనే ఆయన ఇన్నాళ్లూ హడలిపోయాడు, ఆవిడకది పట్టనే లేదు.

పట్టింది బావమరిదికి. ఆవిడ వెళ్లేదాకా పళ్లబిగువున ఆగి, అప్పుడు విరుచుకుపడ్డాడు.

“ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ ఇంతేనా?”

“ఊఁ.”

“నువ్వు పలక పట్టుకుంటే నేను బ్లేడు పక్కన చేతులు పెడుతున్నాను బావా! అంకె తప్పినట్టే ఇంకేదైనా తప్పుంటే? నా వేళ్లు పోతే ఎవరు తెచ్చిస్తారు? అక్కకైనా చెప్పావా?”

పరువు పోతుందని భయపడ్డాడే గానీ, ఆ వేళ్ల సంగతి ఆయనకు ఒక్కనాడూ తట్టలేదు.

భార్యకు ఆ సాయంత్రమే తెలిసింది. ఆవిడ తిట్టింది, ఏడ్చింది, మర్నాడు తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అంకెలు తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు డాక్టరు. కొన్నాళ్లకు బావమరిది ఒక ఏర్పాటు చెప్పాడు. “కొలత నేను పైకి చదువుతా, నువ్వు కొట్టు. గీతలు నువ్వే గియ్యి. మిషను దగ్గరికి మాత్రం రావద్దు.”

ఆ మాటకు ఆయన మనసు చివుక్కుమంది. అయినా సరేనన్నాడు.

ఇప్పుడు ఫోను పొట్టు దుమ్ములో, బల్ల మీదే ఉంటుంది. పలకను ఎంచడం మాత్రం ఆయన పనే. మిషనుకు దూరంగా నిలబడి బావమరిది మీద రోజూ ఏదో ఒకటి అరుస్తూనే ఉంటాడు.

“షీటు ఈ పలకే అంటోంది బావా!”

“దాని చివర పగులుంది, కనపళ్లా? పక్కది తియ్యి!”