బడి డాబా మీద గేదె

మా నాన్నగారు బందరులో రిటైరైన టీచరు. మీ అమ్మాయి ఏం చేస్తుందండీ అని ఎవరైనా అడిగితే, "నాటకాల్లాంటివేనండి, కానీ నాటకాలు కాదు" అని మాట మార్చేస్తారు. నేను పెర్ఫార్మెన్స్ ఆర్టిస్టుని. ఊళ్లలో జనం చెప్పుకునే కథల్ని వాళ్ల ముందే, మాటల్లేకుండా, ఒంటితో చేసి చూపిస్తాను. గుడివాడలో ఒకసారి అలా మౌనంగా నిలబడితే, మైకు పాడైందనుకుని మైకతను వచ్చి దాన్ని విప్పదీశాడు. జనం చప్పట్లు అతనికే కొట్టారు.

ఆ తర్వాత కోడూరు దగ్గర ఒక మత్స్యకారుల ఊరికి వెళ్లాను. పాత బడి ముందు చాప వేసుకుని కూర్చుని, ఊరందరికీ తెలిసిన కథ ఒకటి చెప్తే చేసి చూపిస్తానన్నాను.

ఉప్పెన కథ చెప్పారు. నీళ్లు తీసేసరికి ఊళ్లో ఇళ్లు లేవు. బడి డాబా మీద మాత్రం ఒక గేదె ఉంది. అంతవరకు అందరిదీ ఒకటే మాట.

"తూర్పు వీధికేసి చూస్తా నిలబడిందండి," అన్నాడు వలలు అల్లే పెద్దాయన. "ఇల్లు లేకపోయినా ఇంటికేసే చూసింది. గేదె మా వీధిది."

"అది చూసింది పడమటి వీధికేసి బావా," అంది చేపలమ్మే ఆవిడ. "గేదె మాది."

ఆ గేదె పోయి ఎన్నేళ్లయిందో. దాని పాలు తాగిన పిల్లలకి మనవలు పుట్టారు. అయినా అరగంటసేపు ఎవరూ తగ్గలేదు. చివరికి ఇద్దరూ నావైపు తిరిగారు.

"మీరు చేసి చూపిస్తానన్నారు కదండీ. పైకెక్కండి, తేలిపోద్ది."

నిచ్చెన తెచ్చారు. చున్నీ నడుముకి బిగించి ఎక్కాను. డాబా మీద చేతులూ మోకాళ్లూ ఆనించి గేదెనయ్యాను. "తల ఇంకాస్త అటు తిప్పండి," అని ఒకరు, "తోక అలా కాదమ్మా," అని ఇంకొకరు. నాకు తోక లేదన్నాను. "ఉందనుకోండి," అన్నారు మర్యాదగా.

అంతలో పడవలు వచ్చాయన్న కబురొచ్చింది. ఊరంతా చేపల వేలంపాటకి రేవుకి వెళ్లిపోయింది. పిల్లలు ఎక్కి పడతారని వెళ్తూ వెళ్తూ నిచ్చెన కూడా పట్టుకెళ్లారు.

మోకాళ్లు కాలిపోతున్నాయి. బడి పక్కన ఎండుచేపలు ఆరబెడుతున్న ముసలావిడ తలెత్తి చూసింది.

"గేదెవా అమ్మా?"

"అవునండి," అన్నాను.

"అది నిలబడలేదమ్మా, పడుకునుంది. నేనప్పుడు చిన్నపిల్లని. కొట్టుకొచ్చి ఆ డాబా మీదే పడ్డాను. దాని పొట్టకానుకుని పడుకున్నాను. తెల్లారేదాకా వెచ్చగా ఉంది."

డాబా అంచుదాకా పాకి వచ్చాను. "ఈ సంగతి వాళ్లకి చెప్పలేదా?" అని అడిగాను.

"చెప్పకేం. పడుకున్న గేదె గురించి దెబ్బలాడుకోడానికి ఏముంటదమ్మా? రెండు వీధులోళ్లూ ఒకచోట కూర్చునేది దీని గురించే. ఉండనీ."

నిచ్చెనతో జనం తిరిగొచ్చేసరికి నేను కాళ్లు ముడుచుకుని ఒక పక్కకి వాలి పడుకున్నాను. పొట్ట దగ్గర చిన్నపిల్లకి సరిపడా చోటు వదిలాను. నేను చేసిన ప్రదర్శనల్లో అదే మంచిదని నాకిప్పటికీ నమ్మకం.

పెద్దాయన, చేపలావిడ కిందనుంచి చాలాసేపు చూశారు.

"ఇదేం గేదె?" అన్నాడాయన.

"అదే నేనూ అనేది బావా," అందావిడ.

ఆ కథ మొదలయ్యాక వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారట. నన్ను దింపేసి, కోడూరు నుంచి నన్ను తీసుకొచ్చిన ఆటో అతన్ని ఎక్కించారు. అతను దిగితేగాని నేను వెళ్లలేను. ముసలావిడ పక్కన కూర్చుని, ఆవిడ పెట్టిన అన్నం, రొయ్యల కూర తింటూ చూశాను. అతను తూర్పుకి తిరిగితే పడమటి వీధి గోలపెట్టింది, పడమరకి తిరిగితే తూర్పు వీధి. పొద్దు వాలేదాకా తేలలేదు.

ఆటో ఎక్కుతుంటే చేపలావిడ వచ్చి నా భుజం తట్టింది. "బాధపడకండి," అంది. "గేదె వేషం అందరికీ రాదు."