తడి ఆరని నేల మీద కార్క్

మా నాయిన తిరుమలగిరి చుట్టుపక్కల ఇళ్లలో ముప్పై ఏళ్లు బండలు పరిచాడు. మొదట షాబాదు బండ, తర్వాత పాలరాయి, ఆ తర్వాత టైల్స్. హైటెక్ సిటీ కంపెనీలు కాలేజీల నుంచే పిల్లల్ని తీసుకుపోతున్న రోజుల్లో నాకూ ఉద్యోగం దొరికింది. ఇక నాయినకు మంచి పనులు నేనే ఇప్పించగలనని గర్వం మొదలైంది.

మా టీమ్ లీడర్ మేడం కాప్రాలో కింది అంతస్తు ఫ్లాట్ కొన్నారు. వాళ్లది విజయనగరం వైపు. పాకే వయసు బాబు ఉన్నాడు. చలికాలం నేల చల్లదనం వాడికి పడదని ఆమె బెంగ. అందుకే గదుల్లో కార్క్ పలకలు వేయిస్తామన్నారు. చెట్టు కొట్టకుండా బెరడు ఒలిచి చేస్తారని, ఆ బెరడు మళ్లీ పెరుగుతుందని చెప్పారు. మా నాయిన వేస్తాడని నేను మాట ఇచ్చేశాను.

నమూనా పలక తెస్తే నాయిన చెంపకు ఆనించుకున్నాడు. "రాయి లెక్క సల్లగ లేదు బిడ్డా," అన్నాడు. మోకాళ్లు అరిగి, బండలు ఎత్తలేకపోతున్న మనిషి. ఈ తేలిక పని కలిసొస్తుందని ఇద్దరికీ ఆశ పుట్టింది.

నేల సమం చేసి కొత్త సిమెంటు పూశాడు. కొన్నాళ్లాగి దాని మీద ప్లాస్టిక్ కవరు పరిచి, అంచులకు టేపు వేశాడు. మర్నాడు తీస్తే కవరు అడుగున నీటి బొట్లు. నన్ను పిలిచి చూపించాడు.

"లోపట ఇంక తడి ఉన్నది. జెర ఆగాలె. కాగితంల ఏం రాసిండ్రు?"

పలకలతో వచ్చిన ఇంగ్లీషు కాగితం నా చేతిలోనే ఉంది. నేల లోపలిదాకా ఆరాలని అందులో స్పష్టంగా ఉంది. మేడం వాళ్ల గృహప్రవేశమేమో వచ్చే ఆదివారమే. "పైన ఆరితే చాలట నాయినా," అన్నాను.

ఆయన మళ్లీ అడగలేదు. మర్నాడే పలకలు అతికించాడు.

మూడు వారాలకే పలకల అంచులు లేచాయి. హాలు మధ్యలో ఉబ్బింది. మూలల్లో బూజు వాసన. మేడం మా ఇద్దర్నీ పిలిపించి, నాయిన ఎదుటే నన్ను అడిగారు: "తెలియని పనికి ఆయన్ని ఎందుకు ఒప్పించావమ్మా?"

ఆమె కిందే నా ఉద్యోగం. నాయినే అన్నాడు: "తప్పు నాదే మేడం. తడి చూసుకోలే."

నాలుగు రోజులు మోకాళ్ల మీద కూర్చుని పలకలన్నీ ఊడదీసి, జిగురు గీకేశాడు. ఆ గదుల్లో వేరే మేస్త్రీ టైల్స్ వేశాడు. తర్వాత నేను ఏ పని తెచ్చినా నాయిన వద్దన్నాడు.

ఒక సాయంత్రం ఉండబట్టలేక ఆ కాగితంలో ఏముందో చెప్పేశాను. ఆయన టీ తాగుతూ విన్నాడు.

"నువ్వు చదవంగనే సమజైంది."

"మరి ఎందుకేసినవ్ నాయినా?"

"ఆపితే నీ ఆఫీసోళ్ల ముంగట నీ మాట పోతది గద."

మర్నాడు మేడంకు నిజం చెప్పాను. మా ఇంటికి ఒక్కసారి వచ్చి, తప్పు ఆయనది కాదని ఆయనతో ఒక మాట అనమని బతిమాలాను. చూద్దామన్నారు. ఆమె రాలేదు. నేనూ మళ్లీ అడగలేదు.