తెచ్చినవారు ఎవరు?

నా పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, అమీర్‌పేటలో మా కళాశాల ఆంగ్ల విభాగం నాకు నస్రీన్ అనే పరిశోధకురాలిని అప్పగించింది. అంతవరకు ఆమెకు గైడుగా ఉన్న సహోద్యోగి రిటైరయ్యారు. నేను అప్పటికి అసోసియేట్ ప్రొఫెసర్ని. గైడు పని బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. ప్రతి అధ్యాయం చదవాలి, దిద్దాలి, చివర ఇదంతా నా పర్యవేక్షణలోనే జరిగిందని సంతకం పెట్టాలి. దిద్దడంలో నాకు చేయి కాస్త జోరు. పిల్లలు నా గదిని ఆపరేషన్ థియేటర్ అనేవారట.

నస్రీన్ విషయం ఆధునిక అమెరికన్ నవలల్లో మరణం, హింస. పొడిగింపులన్నీ అయిపోయి డిసెంబరు ఆఖరుతో ఆమె గడువు తీరిపోతుంది. ఆలోగా సిద్ధాంత గ్రంథం సమర్పించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. డాక్టరేట్ తెచ్చుకుని కాలేజీలో పాఠం చెప్పాలన్నది ఆమె పట్టుదల. అప్పటికి ఆమె ఉద్యోగం పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో. రోడ్డు ప్రమాదాలు, కొట్లాటలు, కత్తిపోట్లు, ఇలా పోలీసులకు తెలపాల్సిన కేసుల వివరాలు రాసే ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు) రిజిస్టర్ ఆమె చేతిలో ఉండేది. డ్యూటీ దిగి, ఒక్క స్టేషను మెట్రోలో వచ్చి, నా ముందు కాగితాలు పెట్టేది.

మూడో అధ్యాయంలో ఆమె ఒక పట్టిక వేసింది. నవలల్లోని ఒక్కో చావుకూ ఒక్కో వరుస: పేరు, వయసు, చోటు, గాయం, తెచ్చినవారు. నాకు ఒళ్ళు మండింది. సాహిత్య విమర్శ అడిగితే ఆసుపత్రి కాగితం తెస్తావా అని, పట్టిక మొత్తం అడ్డంగా కొట్టేశాను. దాని బదులు పండితుల అభిప్రాయాలు చేర్చమన్నాను. నస్రీన్ నేను చెప్పినట్టే చేసింది.

నవంబరులో ప్రీ-సబ్మిషన్ సెమినార్ జరిగింది. గ్రంథం సమర్పించే ముందు పరిశోధకులు కమిటీ ఎదుట తమ పని వివరించాలి. కమిటీ ఒప్పుకోకపోతే ముందుకు పోవడానికి లేదు. అధ్యక్షులుగా వచ్చిన ఆచార్యులు గోదావరి జిల్లాల పెద్దమనిషి. పుటలు తిప్పి, అద్దాలు తీసి పక్కన పెట్టారు.

“ఏంటమ్మా ఇది, ఇందులో అందరూ మాట్లాడుతున్నారు, మీరు తప్ప. ఇన్ని చావులు చదివారు కదా, మీరేం చూశారు?” అన్నారు.

నస్రీన్ నావైపు ఒకసారి చూసి తల దించుకుంది. నిజం చెబితే గైడు తప్పు బయటపడుతుంది. చెప్పకపోతే ఆరేళ్ళ చదువు ఆ గదిలోనే ముగిసిపోతుంది. నా పరువు కోసం ఆ పిల్ల నోరు మూసుకుని కూర్చుందని అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను. సెమినార్లో గైడు మాట్లాడకూడదన్నది మా ఆనవాయితీ. అయినా లేచి, ఆమె చూసింది ఒక పట్టికలో రాసిందనీ, దాన్ని నేనే తీయించాననీ చెప్పాను. అధ్యక్షులు దాని సంగతేమిటో చెప్పమని ఆమెనే అడిగారు.

“మా రిజిస్టర్ల మనిషి పేరు తెల్వకున్నా నడుస్తది సార్, వయసు అందాజగ రాస్తం” అంది నస్రీన్. “గాని ఎవలు తెచ్చిండ్రో రాయకుంట పేజీ తిప్పనియ్యరు. ఆటో అన్న తెస్తడు, పూలమ్మే అవ్వ తెస్తది, కొట్టినోడే తెచ్చిన రోజులు సుత ఉన్నయ్. గీ నవలలల్ల మస్తు మంది సచ్చిపోతరు, ఆ గడి మాత్రం ఖాళీ. ఎక్కడన్న ఒక్కరు మోసుకొచ్చిండ్రంటే, కథ ఆడికెల్లే మారుతది.”

అధ్యక్షులు ఒక నవల పేరు చెప్పి, అందులో ఎవరు తెచ్చారని అడిగారు. దారిన పోయే లారీ డ్రైవరని ఆమె కాగితం చూడకుండా చెప్పింది. ఇంకో నవల అడిగారు. అందులో ఎవరూ తేలేదని చెప్పి, అందుకే ఆ పుస్తకం చదవడం అంత కష్టమైందని కూడా అంది. కమిటీ షరతుతో ఒప్పుకుంది: పట్టిక తిరిగి పెట్టాలి, ఆ అధ్యాయం దాని ఆధారంగా మళ్ళీ రాయాలి.

ఆమె ఆసుపత్రికి సెలవు పెట్టి రాసింది. నేను స్పెల్లింగులు, ఫుట్‌నోట్లు చూసి, మిగతాది ముట్టుకోలేదు. గడువుకు నాలుగు రోజుల ముందు గ్రంథం సమర్పించింది. ఇప్పుడు నస్రీన్ ఒక డిగ్రీ కళాశాలలో నవల పాఠం చెబుతోంది.

నేను నేర్చుకున్నది ఇంతే. సాహిత్యంలో చావు గురించి నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. అంతకాలంలో పడిపోయిన మనిషిని ఎవరు లేపారన్న ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు. అది అడగడం తెలిసిన మనిషి నా ఎదుట కూర్చుంటే, నోరు మూయించాను. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, నాకు వింతగా తోచిన ఏ వాక్యాన్నీ రాసినవాళ్ళను పిలిచి అడగకుండా కొట్టేయలేదు.